ఎవ్రీవన్ తర్వాత 'హ్యాజ్' ఎందుకు, మళ్ళీ 'దేర్' ఎందుకు?

నీ ప్రశ్న చదివాను అమ్మా. దేవరకొండలో ఉండి టెట్‌కు చదువుతున్నానని రాశావు. మోడల్ పేపర్‌లో "ఎవ్రీవన్ ఇన్ ది క్లాస్ ఖాళీ సబ్మిటెడ్ దేర్ రికార్డ్" అని ఇస్తే నువ్వు 'హ్యావ్' పెట్టావు, కీలో 'హ్యాజ్' అని ఉంది. వాక్యంలో 'దేర్' (వాళ్ళ) అని బహువచనం కనిపిస్తుంటే 'హ్యాజ్' ఎట్లా వస్తుంది సార్, ఎవ్రీవన్ ఏకవచనమే అయితే 'దేర్' తప్పు కావాలి కదా, రెండిట్లో ఏదో ఒకటి తప్పే కదా అని అడిగావు. గైడ్‌లో ఉన్న రూల్స్ అన్నీ బట్టీ పట్టినా పరీక్షలో కూర్చుంటే ఒక్కటీ గుర్తుకు రావట్లేదనీ, టెన్షన్ పెరిగిపోతోందనీ రాశావు.

రెండిట్లో ఏదీ తప్పు కాదు. 'హ్యాజ్' సరైనదే, 'దేర్' కూడా సరైనదే. అది ఎట్లాగో చెప్తాను. దానికంటే ముందు, నువ్వు 'హ్యావ్' ఎందుకు పెట్టావో చూద్దాం. అది తెలిస్తే గైడ్‌లో ఉన్న రూల్స్‌లో సగం చదవాల్సిన పని ఉండదు.

నేను నల్లగొండ జిల్లా హైస్కూళ్ళలో ఇరవై ఆరేళ్ళు ఇంగ్లీషు చెప్పాను. ఈ పాఠం చెప్పని ఏడాది లేదు. మొదటి పదేళ్ళు నేనూ రూల్స్ జాబితా బోర్డు మీద రాసి, పిల్లలతో రాయించి, అప్పజెప్పించుకునేవాణ్ణి. పిల్లలు అప్పజెప్పేవాళ్ళు. మరుసటి రోజు వ్యాసంలో మళ్ళీ అదే తప్పు. నాకు అర్థమయ్యేది కాదు. ఆ తర్వాత ఒకరోజు మునుగోడు వైపు బడిలో ఏడో తరగతి పిల్లవాడి నోటుబుక్కు దిద్దుతున్నాను. 'మా ఇల్లు' మీద రాయమంటే రాశాడు. ఒక వాక్యం, "మై బ్రదర్ హ్యాజ్ ఎ గార్డెన్." బాగుంది. దాని కిందనే ఇంకో వాక్యం, "మై గ్రాండ్‌మదర్ హ్యావ్ త్రీ గోట్స్." రెండు వాక్యాలూ ఒకే చేతి రాత, ఒకే పేజీ. మొదటి దాంట్లో 'హ్యాజ్' తెలిసిన పిల్లవాడికి రెండో దాంట్లో ఎందుకు తెలియలేదు?

వాణ్ణి పిలిచి ఇదే తెలుగులో చెప్పమన్నాను. "మా అన్నకు బత్తాయి తోట ఉంది సార్, మా నాయనమ్మకు మూడు మేకలున్నయ్ సార్" అన్నాడు. ఆ రెండు మాటలు బోర్డు మీద రాశాను. ఉంది. ఉన్నయ్. 'ఉంది' తోటకు, 'ఉన్నయ్' మేకలకు. తెలుగులో ఇట్లాంటి వాక్యంలో క్రియ మనిషిని పట్టుకోదు, ఆ మనిషికి ఉన్న వస్తువును పట్టుకుంటుంది. నాయనమ్మ పక్కన 'కు' చేరింది, ఆమె పక్కకు జరిగింది. మేకలు కర్త స్థానంలోకి వచ్చాయి. పిల్లవాడు మనసులో 'ఉన్నయ్' అనుకుని, దానికి తగ్గ బహువచనం అని 'హ్యావ్' రాశాడు. వాడు నిర్లక్ష్యంగా రాయలేదు. తెలుగు వ్యాకరణాన్ని కచ్చితంగా పాటించి రాశాడు, కాకపోతే ఇంగ్లీషు వాక్యంలో పాటించాడు.

ఇంగ్లీషులో నాయనమ్మే కర్త. మేకలు మూడైనా ముప్పై అయినా క్రియ వాటి వైపు చూడదు. నాయనమ్మ ఒక్కతే కాబట్టి 'హ్యాజ్'. ఈ మాట చెప్పిన తర్వాత ఆ పిల్లవాడు ఆ తప్పు మళ్ళీ చేసినట్టు నాకు గుర్తు లేదు. ఆ రోజు నుంచి నా పాఠం మారింది. తప్పు కనిపిస్తే ముందు దాని వెనక ఉన్న తెలుగు వాక్యం అడగడం మొదలుపెట్టాను.

ఇప్పుడు నీ ఎవ్రీవన్ సంగతి. దాని వెనక ఉన్న తెలుగు ఏమిటి? "క్లాసులో ప్రతి ఒక్కరూ రికార్డు ఇచ్చారు." చూడు, 'ఒక్కరూ' అంటూనే 'ఇచ్చారు' అంటున్నాం. మాటలో ఒకటి ఉంది, క్రియలో 'రు' ఉంది. తెలుగులో ఆడో మగో తెలియని మనిషిని, లేదా ఇద్దరూ కలిసి ఉన్న గుంపులో ఒకరిని చెప్పాలంటే మనకు 'రు' తప్ప దారి లేదు. 'ఇచ్చాడు' అంటే మగవాళ్ళే అవుతారు, 'ఇచ్చింది' అంటే ఆడవాళ్ళే అవుతారు. అందుకని ఎవరో వచ్చారు, ఎవరైనా వస్తారు, ఒకరు అడిగారు, ప్రతి ఒక్కరూ ఇచ్చారు. అన్నీ 'రు'లే. ఆ 'రు' చెవిలో మోగుతుంటే చెయ్యి 'హ్యావ్' రాస్తుంది. నీ చెయ్యీ అదే రాసింది.

ఇంగ్లీషు క్రియకు ఈ ఇబ్బంది లేదు. హీ, షీ, ఇట్, ఈ మూడింటికీ ఒకటే 'ఎస్'. హీ గోజ్, షీ గోజ్, ఇట్ గోజ్. ఆడా మగా తేడా క్రియలో లేదు కాబట్టి, తెలియని మనిషి కోసం బహువచనం అరువు తెచ్చుకోవాల్సిన అవసరం దానికి రాలేదు. ఎవ్రీవన్, ఎవ్రీబడీ, సమ్‌వన్, సమ్‌బడీ, ఎనీవన్, ఎనీబడీ, నోవన్, నోబడీ, అట్లాగే ఎవ్రీథింగ్, సమ్‌థింగ్, నథింగ్, ఈచ్. వీటన్నిటికీ హీ పక్కన ఏది వస్తుందో అదే వస్తుంది. ఈజ్, వాజ్, హ్యాజ్, డజ్, లేదా క్రియ చివర ఎస్. ఇది జాబితాగా పట్టుకోకు. ఈచ్ తప్ప మిగతా మాటల చివర చూడు. వన్, బడీ, థింగ్. ఒకరు, ఒక మనిషి, ఒక వస్తువు. మాటలోనే ఒకటి అని రాసి ఉంది.

"కానీ సార్, ఎవ్రీవన్ అంటే అర్థంలో అందరూ కదా" అని ప్రతి ఏడాదీ ఒకరు అడుగుతారు. అర్థంలో అందరూ వస్తారు, నిజమే. కానీ వచ్చే తీరు వేరు. పొద్దున ప్రార్థనలో పిల్లలంతా ఒక్కసారి నిలబడతారు, అది 'ఆల్'. అందుకే ఆల్ ది స్టూడెంట్స్ ఆర్ హియర్. క్లాసులోకి పోయాక రిజిస్టర్ తీసి ఒక్కొక్క పేరే పిలుస్తావు, ఒక్కొక్కరే లేచి 'ప్రెజెంట్ సార్' అంటారు, అది 'ఎవ్రీవన్', అది 'ఈచ్'. అందుకే ఎవ్రీవన్ ఈజ్ హియర్. పిల్లలు అవే నలభై మంది. లెక్కపెట్టే పద్ధతి మారింది, క్రియ ఆ పద్ధతిని బట్టి మారింది. రేపు నువ్వు టీచర్‌వు అయ్యాక ఇది నిజంగా రిజిస్టర్ పట్టుకుని చేసి చూపించు. బోర్డు మీద చెప్పినదాని కంటే బాగా నాటుకుంటుంది.

ఇక 'దేర్'. నీ అసలు అనుమానం ఇది.

"ఎవరో చెప్పులు మర్చిపోయారు, వాళ్ళు మళ్ళీ వస్తారేమో." ఇది మనం రోజూ అనే మాట. మర్చిపోయింది ఒక్కరే అని మనకు తెలుసు, ఉన్నది ఒక్క జతే. అయినా 'వాళ్ళు' అంటాం. ఇంగ్లీషువాళ్ళూ ఇదే చేస్తారు. "సమ్‌వన్ హ్యాజ్ లెఫ్ట్ దేర్ స్లిప్పర్స్. ఐ హోప్ దే కమ్ బ్యాక్." క్రియ దగ్గర లింగం గొడవ లేదు కాబట్టి 'హ్యాజ్' హాయిగా ఏకవచనంలో ఉంది. కానీ ఆ మనిషిని రెండోసారి చెప్పాల్సి వచ్చేసరికి 'హిజ్' అనాలా 'హర్' అనాలా అనే ఇబ్బంది వాళ్ళకూ వచ్చింది. మనకు క్రియ దగ్గరే వచ్చిన ఇబ్బంది వాళ్ళకు సర్వనామం దగ్గర వచ్చింది. మనం 'రు' తెచ్చుకున్నట్టే వాళ్ళు 'దే' తెచ్చుకున్నారు. అంతే.

ఇది నిన్న మొన్న పుట్టిన వాడుక కాదు. ఒక్క మనిషికి 'దే' వాడటం ఇంగ్లీషు రాతల్లో 14వ శతాబ్దం నుంచే ఉంది. 18వ శతాబ్దం నుంచి వ్యాకరణ పుస్తకాలు రాసినవాళ్ళు అది తప్పని, 'హీ', 'హిజ్' అనే రాయాలని పట్టుబట్టారు. 1850లో బ్రిటన్ పార్లమెంటు, చట్టాల్లో మగవాళ్ళకు వాడే మాటలోకి ఆడవాళ్ళు కూడా వస్తారని ఒక చట్టమే చేసింది. మన దేశంలో 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 13వ సెక్షన్‌లోనూ అదే మాట ఉంది. అందుకే మన పాత గైడ్లన్నిటిలో "ఎవ్రీవన్ షుడ్ బ్రింగ్ హిజ్ బుక్" అని కనిపిస్తుంది. ఆడపిల్లలు సగానికి పైగా ఉన్న క్లాసులో నిలబడి ఆ వాక్యం చదివించడం నాకు ఎప్పుడూ మనసొప్పలేదు. 2019లో మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు 'దే'ను ఆ ఏటి పదంగా ప్రకటించింది. అదే ఏడాది వచ్చిన అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ రచనా నియమావళి ఏడో ముద్రణ, ఒక్క మనిషికి 'దే' వాడమనే చెప్పింది. కాబట్టి నీ మోడల్ పేపర్ వాక్యం ఈ కాలపు ఇంగ్లీషే.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. 'దే' ఒక్క మనిషికే వాడినా దాని పక్కన క్రియ 'ఆర్', 'హ్యావ్' అనే ఉంటుంది. 'దే ఈజ్' అనరు. "ఎవ్రీవన్ సేస్ దే ఆర్ రెడీ." ఒకే వాక్యంలో అదే మనిషికి 'సేస్' అని ఎస్, వెంటనే 'ఆర్'. ఎందుకంటే క్రియ చూసేది తన ముందున్న మాటను, ఆ మాట వెనక ఉన్న మనుషుల లెక్కను కాదు. ఎవ్రీవన్ రూపంలో ఏకవచనం, దే రూపంలో బహువచనం. నీ ఖాళీకి ముందు కర్తగా ఉన్నది ఎవ్రీవన్, కాబట్టి 'హ్యాజ్'. తర్వాత వచ్చే 'దేర్' ఆ ఖాళీని ముట్టుకోదు.

'యు' సంగతీ ఇదే. ఒక్కరితో మాట్లాడుతూ కూడా 'యు ఆర్' ఎందుకంటామని అడుగుతుంటారు. వెనకట ఇంగ్లీషులో నువ్వుకు 'దౌ' ఉండేది, 'దౌ ఆర్ట్' అనేవాళ్ళు. 'యు' మీరు లాంటిది. మర్యాద కోసం ఒక్కరికీ వాడుతూ వాడుతూ చివరికి 'దౌ' మూలన పడింది, 'యు' ఒక్కటే మిగిలింది, తనతో పాటు బహువచన క్రియనూ తెచ్చుకుంది. మనం ఒక్క మనిషిని పట్టుకుని 'మీరు ఉన్నారు' అంటామే, అచ్చం అట్లాగే. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్ చదివేవాళ్ళకు 'దౌ' తెలిసే ఉంటుంది. అందులో 'గివ్స్' బదులు 'గివెత్', 'హ్యాజ్' బదులు 'హాథ్' కనిపిస్తాయి. ఒకప్పుడు ఆ భాషలోనూ మనలాగే ఒక్కో సర్వనామానికి ఒక్కో చివర ఉండేది. అన్నీ అరిగిపోయి ఇప్పుడు వర్తమానంలో ఒక్క 'ఎస్' మిగిలింది. మిగిలింది ఒక్కటే కాబట్టే అది లేకపోతే వెంటనే కనిపిస్తుంది.

మర్యాద మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్తాను. కొందరు పిల్లలు "మై ఫాదర్ ఆర్ ఎ ఫార్మర్", "అవర్ హెడ్‌మాస్టర్ ఆర్ కమింగ్" అని రాస్తారు. 'సార్ వస్తున్నారు' అనే మర్యాద వాళ్ళ చేత 'ఆర్' రాయిస్తుంది. 'ఈజ్' రాస్తే సారును 'వాడు' అన్నట్టు ఉంటుందని ఒక పిల్ల నాతో అన్నది. ఇంగ్లీషు క్రియలో మర్యాద ఉండదని, ప్రధానమంత్రికైనా 'ఈజ్' అనే అంటారని చెప్పాల్సి వచ్చింది. ఇక్కడ మన పల్లె మాట మనకు సాయపడుతుంది. పుస్తకంలో 'నాన్నగారు వచ్చారు' అని ఉన్నా, మన దగ్గర పిల్లలు ఇంట్లో ఏమంటారు? "మా నాయన వచ్చిండు." 'వచ్చిండు' ఏకవచనం. నాయన మీద ప్రేమా గౌరవమూ ఏమీ తగ్గలేదు. ఆ 'వచ్చిండు' గుర్తు చేస్తే 'ఈజ్', 'హ్యాజ్' రాయడానికి పిల్లలు జంకరు.

మన యాస ఇంకోచోట కూడా పనికొస్తుంది. 'హీ డోంట్ నో' అనే తప్పు నల్లగొండలోనే కాదు, పాలమూరులో, వనపర్తిలో, ఎక్కడైనా వింటావు. కారణం 'తెలియదు'. నాకు తెలియదు, వాడికి తెలియదు, వాళ్ళకు తెలియదు. క్రియ కదలదు. 'రాలేదు' కూడా అంతే, నేను రాలేదు, ఆమె రాలేదు, వాళ్ళు రాలేదు. పుస్తకాల తెలుగులో 'రావడం లేదు' కూడా కదలదు. వ్యతిరేకార్థంలో క్రియ కదలకపోవడానికి మనం అలవాటు పడ్డాం కాబట్టి అందరికీ ఒకటే 'డోంట్' అంటించేస్తాం. కానీ మన దగ్గర ఏమంటారు? నేను తింటలేను, వాడు తింటలేడు, ఆమె తింటలేదు, వాళ్ళు తింటలేరు. ఇక్కడ క్రియ కదులుతోంది! పిల్లలతో "నేను అన్నం తింటలేను, వాడు అన్నం తింటలేడు" అని రెండు మూడుసార్లు అనిపించి, 'లేను' మారి 'లేడు' అయింది కదా, ఇంగ్లీషులోనూ 'డోంట్' మారి 'డజంట్' అవుతుందని చెప్పు. ఐ డోంట్ ఈట్, హీ డజంట్ ఈట్. యాసను తప్పు అని దిద్దే బదులు ఇట్లా మెట్టుగా వాడుకోవచ్చు. 2022-23 నుంచి సర్కారు బళ్ళలో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం వచ్చాక ఈ అవసరం ఇంకా పెరిగింది. పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకునే మాట ఇదే మరి.

'డజ్' వచ్చినప్పుడు అసలు క్రియకు ఎస్ ఉండదు. 'హీ డజంట్ గోజ్' కాదు, 'హీ డజంట్ గో'. ఒక ప్రయాణికుడికి ఒకటే టికెట్. 'డజ్' ఆ ఎస్‌ను తీసేసుకుంది, ఇంక 'గో' దగ్గర టికెట్ అడగొద్దు. కెన్, విల్, షుడ్, మస్ట్, మే పక్కన అసలు ఎస్ ప్రసక్తే లేదు, హీ కెన్ గో. 'లెట్ హిమ్ గో' కూడా అంతే.

'ఆఫ్' ఉన్న వాక్యాలకు వద్దాం. పరీక్షల్లో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే.

"ఈచ్ ఆఫ్ ది ఫార్మర్స్ ఖాళీ ఎ పాస్‌బుక్." ఖాళీ పక్కనే 'ఫార్మర్స్' ఉంది కాబట్టి చెయ్యి 'హ్యావ్' వైపు పోతుంది. నేను పిల్లల చేత ఏం చేయించేవాణ్ణంటే, 'ఆఫ్' నుంచి ఖాళీ దాకా బొటనవేలు పెట్టి మూసెయ్యమనేవాణ్ణి. మూస్తే మిగిలేది 'ఈచ్'. ఈచ్ హ్యాజ్. వేలు తియ్యి, రాయి. వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ లివ్స్ ఇన్ జడ్చర్ల. మూస్తే 'వన్ లివ్స్'. నైదర్ ఆఫ్ ది ఆన్సర్స్ ఈజ్ కరెక్ట్. ఐదర్ ఆఫ్ దెమ్ ఈజ్ ఫైన్. పనిలో పనిగా 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్' అనడం మానుకో. చాలామంది టీచర్లే అంటున్నారు. గుంపులోంచి ఒకర్ని తీస్తున్నాం కాబట్టి అక్కడ గుంపు కనిపించాలి, 'ఫ్రెండ్స్' అనే అనాలి. 'మా దోస్తుల్లో ఒకడు' అంటాం గానీ 'మా దోస్తులో ఒకడు' అనం కదా.

ఈచ్ స్థలం మారితే మాత్రం కథ మారుతుంది. 'ఈచ్ ఆఫ్ దెమ్ హ్యాజ్', కానీ 'దే ఈచ్ హ్యావ్'. రెండో దాంట్లో కర్త 'దే', ఈచ్ ఊరికే పక్కన నిలబడింది.

వేలు పెట్టి మూసే పద్ధతి పనిచేయని మాటలు కొన్ని ఉన్నాయి. సమ్, ఆల్, మోస్ట్, ఎనీ. వీటికి సొంతంగా సంఖ్య లేదు, 'ఆఫ్' తర్వాత ఏముంటే దాని సంఖ్యే వీటిది. మిర్యాలగూడ రైస్ మిల్లులో నిలబడ్డావనుకో. సమ్ ఆఫ్ ది రైస్ ఈజ్ వెట్, బియ్యం కొలిచేది కాబట్టి 'ఈజ్'. సమ్ ఆఫ్ ది బ్యాగ్స్ ఆర్ వెట్, బస్తాలు లెక్కపెట్టేవి కాబట్టి 'ఆర్'. ఈ నాలుగు మాటలు కనిపిస్తే వేలు తీసి చూడాలి.

'నన్' గురించి చెప్పేటప్పుడు నాకు ఒక ముచ్చట గుర్తుకొస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, నన్ అంటే 'నాట్ వన్' కాబట్టి ఎప్పుడూ ఏకవచనమే అని నేను నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చెప్పాను. పదో తరగతి అమ్మాయి ఒకతి యూనిట్ టెస్ట్‌లో "నన్ ఆఫ్ ది బాయ్స్ వర్ ప్రెజెంట్" అని రాస్తే కొట్టేసి మార్కు తీసేశాను. ఆ పిల్ల ఏమీ అనలేదు, పేపర్ తీసుకుని పోయి కూర్చుంది. సాయంత్రం ఎందుకో అనుమానం వచ్చి లైబ్రరీలో ఉన్న పెద్ద డిక్షనరీ తీశాను. 'నన్' పక్కన ఏకవచనమూ బహువచనమూ రెండూ ఉంటాయని స్పష్టంగా ఉంది. మరుసటి రోజు ఆ పేపర్ అడిగి తీసుకుని, మార్కు వేసి, క్లాసు మొత్తానికీ తప్పు నాదేనని చెప్పాను. లెక్కపెట్టేవాటితో 'నన్' వస్తే ఈజ్, ఆర్ రెండూ సరైనవే, ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు రెండూ వాడతారు. నన్ ఆఫ్ ది వాటర్ అన్నప్పుడు మాత్రం 'ఈజ్' ఒక్కటే. పరీక్షలో రెండు ఆప్షన్లూ ఇస్తే మన పేపర్లు తయారుచేసేవాళ్ళు ఎక్కువగా ఏకవచనాన్నే కీలో పెడతారు, అది పెట్టు. కానీ రేపు నీ క్లాసులో ఎవరైనా 'ఆర్' రాస్తే కొట్టెయ్యకు.

ఇంకో పెద్ద గుంట 'హూ'. తెలుగులో 'బడికి వచ్చే పిల్ల', 'బడికి వచ్చే పిల్లలు'. 'వచ్చే' అనే మాట ఒక్కరైనా వందమందైనా మారదు. అందుకని "ది గర్ల్ హూ కమ్ టు స్కూల్" అని రాసేస్తారు, 'కమ్'కు కర్త ఉందనే ధ్యాసే ఉండదు. ఇంగ్లీషులో 'హూ' వెనక్కి తిరిగి చూస్తుంది, ఎవరి గురించి చెప్తున్నానా అని. వెనక 'గర్ల్' ఉంటే హూ కమ్స్, 'గర్ల్స్' ఉంటే హూ కమ్, 'ఐ' ఉంటే 'ఐ, హూ యామ్ యువర్ టీచర్'.

దీంట్లోనే డీఎస్సీ స్థాయి ప్రశ్న ఒకటి అడుగుతుంటారు. "షీ ఈజ్ వన్ ఆఫ్ ది టీచర్స్ హూ కమ్ ఎర్లీ." ఇక్కడ వేలు పెట్టి మూస్తే దెబ్బతింటావు. తెలుగులో ఆలోచించు, "పొద్దున్నే వచ్చే టీచర్లలో ఆమె ఒకరు." పొద్దున్నే వచ్చేది ఎవరు? టీచర్లు, చాలామంది. వాళ్ళలో ఈమె ఒకరు. కాబట్టి 'కమ్'. ఇదే వాక్యంలో 'ది ఓన్లీ వన్' అని చేరిస్తే, "టీచర్లలో పొద్దున్నే వచ్చేది ఆమె ఒక్కతే." ఇప్పుడు వచ్చేది ఒక్కరే, కాబట్టి 'కమ్స్'. ఇంగ్లీషులో రెండు వాక్యాలూ ఒకటిలాగే కనిపిస్తాయి. తెలుగులోకి తెస్తే 'వచ్చే' అనే మాట ఎవరి పక్కన పడుతుందో దాన్నిబట్టి తేడా తెలిసిపోతుంది. తెలుగు మనకు తప్పులు తెచ్చిపెడుతుందని ఇందాకటి నుంచి చెప్తున్నాను. ఇక్కడ మాత్రం తెలుగే దారి చూపిస్తుంది.

'ఐదర్ హీ ఆర్ ఐ' (ఇక్కడ 'ఆర్' అంటే 'లేదా', క్రియ కాదు) లాంటివాటికి క్రియకు దగ్గరగా ఉన్నదాన్ని చూడు, 'ఐదర్ హీ ఆర్ ఐ యామ్'. 'ఇఫ్ ఐ వర్ యు', 'హీ ఇన్‌సిస్టెడ్ దట్ షీ అటెండ్' లాంటివి వేరే పాఠం. అక్కడ ఎస్ రాకపోవడానికి కారణం వేరు, వాటిని దీంతో కలిపి చదవకు. గైడ్లు అన్నీ ఒకేచోట కుప్ప పోయడం వల్లే నీకు టెన్షన్ వస్తోంది.

పలికేటప్పుడు కూడా చూసుకో. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. చివర ఒట్టి 'స్' పలకడం మన నాలుకకు అలవాటు లేదు, అందుకని రాసేటప్పుడు ఎస్ పెట్టినవాళ్ళు కూడా మాట్లాడేటప్పుడు మింగేస్తారు. ఈట్స్ దగ్గర 'స్', గోజ్ దగ్గర 'జ్', వాచిజ్ దగ్గర 'ఇజ్'. రోజూ ఒక పేజీ గట్టిగా చదువుతూ ఆ చివరను వినిపించేలా పలుకు. నోరు అలవాటు పడితే పరీక్షలో ఎస్ లేని వాక్యం కంటికంటే ముందు చెవికి తగులుతుంది.

టెట్‌కు ఇంకా రోజులున్నాయి కాబట్టి ఒక పని చెయ్యి. గైడ్ పక్కన పెట్టి, మీ ఇంటి గురించి తెలుగులో పది వాక్యాలు రాయి, మీ ఇంట్లో మాట్లాడే మాటలోనే. ఎవరికి ఏమున్నాయి, ఎవరికి ఏం తెలియదు, ఎవరు ఏం తింటలేరు, పొద్దున్నే లేచేది ఎవరు, మీ ఇంట్లో ప్రతి ఒక్కరూ ఏం చేస్తారు. ఒక్కోదాని కింద ఇంగ్లీషు రాసి, తెలుగు క్రియ ఎవర్ని పట్టుకుంది, ఇంగ్లీషు క్రియ ఎవర్ని పట్టుకుంది, రెండిటికీ గీత గియ్యి. రెండు గీతలూ వేరే వేరే మాటల మీద పడిన వాక్యాలు నాకు పంపు, కలిసి చూద్దాం.